క్యాంపర్‌వ్యాన్‌లో ఇద్దరికి హాయిగా నిద్రపట్టే పడకను అమర్చుకోవడం ఎలా

న్యూజీలాండ్ దక్షిణ దీవికి క్యాంపర్‌వ్యాన్‌లో బయలుదేరే దంపతులు ఫెర్రీ టికెట్ల గురించీ, చూడవలసిన చోట్ల గురించీ, వంట సామాను గురించీ చాలా ముందు నుంచే ఆలోచిస్తారు. పడక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో ఉన్న రజాయినీ రెండు దిండ్లనూ వ్యానులో పడేసుకుంటే సరిపోతుందనుకుంటారు. ఆక్లండ్‌లోనూ వెల్లింగ్టన్‌లోనూ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది. పిక్టన్‌లో ఫెర్రీ దిగిన తరువాత ఎదురయ్యే రాత్రులు ఇంటి పడకగదిలో గడిపే రాత్రుల వంటివి కావు. టెకపో సరస్సు ఉన్న మెకెంజీ ప్రాంతంలో నడివేసవి అయిన జనవరిలో కూడా తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం మామూలు విషయం. జూన్ నుంచి ఆగస్టు దాకా అయితే సున్నా కంటే కిందికి పోతుంది. మిల్‌ఫర్డ్ సౌండ్ వైపు వెళితే ఏడాదికి ఆరు మీటర్లకు మించి వాన కురిసే నేల అది. ఒకచోట చలి, మరొకచోట చెమ్మ. రెండింటినీ ఒకే పడక తట్టుకోవాలి.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న మాట ఒకటే. పరుపు ఇద్దరికీ కలిపి ఉండవచ్చు. కప్పుకునేవి మాత్రం ఎవరివి వారికి ఉండాలి. ఆ పరుపుకు కిందనుంచి గాలి ఆడాలి. మిగిలిన ఎంపికలన్నీ వీటిని అనుసరించి జరిగేవే.

వ్యానును పది రోజులకో రెండు వారాలకో అద్దెకు తీసుకునేవారికి పరుపు, దాని కింది చట్రం తమ చేతిలో ఉండవు. అటువంటివారు మొదటి మూడు పనులనూ వ్యానును ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలుగా తీసుకుని, కప్పుకునేవాటి గురించి చెప్పిన భాగాన్ని మాత్రం శ్రద్ధగా చదవాలి. సొంత వ్యాను ఉన్నవారు, కొనబోతున్నవారు అన్నింటినీ వరుసగా చేసుకుపోవాలి.

మొదటి పని: వ్యానునూ, మిమ్మల్నీ కొలవడం

ఇక్కడి దారులలో సొంత క్యాంపర్‌వ్యానుగా ఎక్కువగా కనిపించేది టొయోటా హయేస్. మామూలు వెడల్పు రకంలో దాని లోపలి వెడల్పు ఒకటిన్నర మీటరుకు అటూఇటూగా ఉంటుంది. గోడలకు ఇన్సులేషన్, లైనింగ్ వేసిన తరువాత అది ఇంకా తగ్గుతుంది. కాబట్టి హయేస్‌లో వ్యాను పొడవు వెంటే పడుకోవాలి. ఫియట్ డుకాటో వంటి పెద్ద వ్యానులలో అడ్డంగా పడక వేసే వీలుంటుంది. దానివల్ల స్థలం ఎంతో మిగులుతుంది కానీ, పొడుగరులకు కాళ్లు ముడుచుకోక తప్పదు. పైగా లోపలివైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే రెండోవారిని దాటుకుంటూ రావాలి.

న్యూజీలాండ్‌లో డబుల్ పరుపు సుమారు 137 సెంటీమీటర్ల వెడల్పు, 188 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. క్వీన్ పరుపు 153 వెడల్పు, 203 పొడవు. ఇంటి పడకగదిలోని క్వీన్ పరుపు హయేస్‌లో పట్టదని దీన్నిబట్టే తెలుస్తుంది. డబుల్ పరుపు పడుతుంది, కానీ దానిమీద ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 68 సెంటీమీటర్లే. సింగిల్ పరుపు వెడల్పే 92 సెంటీమీటర్లు అని గుర్తు పెట్టుకుంటే, వ్యానులో ఇద్దరూ ఎంత ఇరుకున సర్దుకుంటున్నారో అర్థమవుతుంది. పొడవు విషయంలో ఇద్దరిలో పొడుగ్గా ఉన్నవారి ఎత్తుకు కనీసం పది సెంటీమీటర్లు కలిపి లెక్క వేయాలి, ఎందుకంటే వెల్లకిలా పడుకున్నప్పుడు పాదాలు ముందుకు చాచుకుంటాయి, తల కింద దిండు కొంత చోటు తీసుకుంటుంది.

కొలతలు మూడు ఎత్తులలో తీసుకోవాలి: పడక చెక్క ఉండే ఎత్తులో ఒకసారి, పరుపు పైభాగం వచ్చే ఎత్తులో ఒకసారి, కిటికీ అంచు దగ్గర ఒకసారి. వ్యాను గోడలు నిట్టనిలువుగా ఉండవు, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతాయి. కింద సరిపోయిన పరుపు పైన గోడకు ఒరుసుకుంటుంది. వెనుక చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకువచ్చే చోట పాత వార్తాపత్రికలను అతికించి, పడక ఆకారాన్ని కత్తిరించి, దానిమీద తలవైపు ఏది, కాళ్లవైపు ఏది అని రాసిపెట్టుకోవాలి. ఫోమ్ కోసే దుకాణానికి అంకెల కాగితం కంటే ఈ కాగితపు అచ్చును తీసుకుపోవడమే మేలు. పడక చెక్కమీద కూర్చుని తలకూ పైకప్పుకూ మధ్య ఎంత ఎడం ఉందో కూడా చూడాలి. పరుపు మందం ఎంత ఉండవచ్చో ఆ ఎడమే నిర్ణయిస్తుంది.

ఎవరు ఏ పక్కన పడుకోవాలన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోవలసిన విషయం. రాత్రి ఒకటి రెండుసార్లు లేచేవారు తలుపువైపు పడుకోవాలి. చలికి ఓర్చుకోలేనివారిని గోడవైపు వేయకూడదు. గోడ అద్దం, లోహం కలిసిన చల్లటి భాగం. ఇద్దరూ ఒకరే అయినప్పుడు, అంటే రాత్రి లేచేవారూ చలికి వణికేవారూ ఒకే మనిషి అయితే, నిర్ణయం సులువు. వేర్వేరైతే తలుపువైపు స్థానాన్ని లేచేవారికే ఇచ్చి, గోడవైపు పడుకునేవారికి కింద చెప్పబోయే మందపాటి రజాయినీ, గోడకు ఆనించే ఫోమ్ పలకనూ ఇవ్వాలి.

ఇక్కడ చట్టానికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. ఉచిత ప్రదేశాలలో రాత్రి ఆగాలంటే చాలాచోట్ల వ్యానుకు స్వయంసమృద్ధి ధ్రువపత్రం, అంటే బయటి వసతులు అక్కరలేకుండా అందులోనే ఉండగలమని తెలిపే పత్రం (సెల్ఫ్ కంటెయిన్‌మెంట్ సర్టిఫికెట్), ఉండాలి; 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఆ ధ్రువపత్రానికి వ్యానులో స్థిరంగా బిగించిన మరుగుదొడ్డి అవసరం, పడక పరిచి ఉన్నప్పుడు కూడా దాన్ని వాడుకునే వీలుండాలి. పరుపును నాలుగు అంగుళాలు వెడల్పు చేయాలన్న ఆశతో మరుగుదొడ్డి ఎదుట ఉన్న ఖాళీని మూసివేస్తే ధ్రువపత్రానికే ఎసరు వస్తుంది. కనుక కాగితపు అచ్చు మీద ఆ ఖాళీని ముందే గీసి ఉంచుకోవాలి.

రెండవ పని: పరుపు కింద గాలి ఆడేలా చూడడం

ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి ద్వారా, చెమట ద్వారా వదిలే నీరు సుమారు అర లీటరు దాకా ఉంటుంది. ఇంట్లో గది పెద్దది కాబట్టి అది తెలియదు. వ్యానులో అది కిటికీ అద్దాల మీద బొట్లుగా కనిపిస్తుంది. కనిపించని చెమ్మ మరింత హానికరం: శరీరపు వేడి ఆ ఆవిరిని పరుపులోంచి కిందికి నెడుతుంది, అది చల్లటి ప్లైవుడ్‌ను తాకగానే నీరుగా మారుతుంది. ప్లైవుడ్ మీద నేరుగా పరిచిన ఫోమ్‌ను కొద్ది రోజుల తరువాత ఎత్తి చూస్తే, తుంటి, భుజం ఆనే చోట్ల కింది గుడ్డ తడిగా ఉండి, నల్లటి బూజు చుక్కలు మొదలై ఉంటాయి. ముక్కవాసన వచ్చాక పరుపును ఎంత ఎండబెట్టినా ఆ వాసన పూర్తిగా పోదు.

మన నులక మంచం ఎందుకు అంత హాయిగా ఉండేదో ఆలోచిస్తే పరిష్కారం అందులోనే దొరుకుతుంది. కిందనుంచి గాలి ధారాళంగా ఆడేది. వ్యానులో ఆ పనిని చెక్క పట్టీలు చేస్తాయి. పట్టీల మధ్య ఐదారు సెంటీమీటర్లకు మించి ఎడం ఉంటే ఫోమ్ ఆ సందులలోకి దిగి త్వరగా పాడవుతుంది. అంతకు తక్కువ ఎడంతో పట్టీలు బిగించాలి. పగలు సీటుగా, రాత్రి పడకగా మారే అమరికలో పట్టీలు వీలుకాకపోతే, ప్లైవుడ్‌కు వరుసగా గుండ్రటి రంధ్రాలు వేయించి, దానిమీద ప్లాస్టిక్ దారాలతో అల్లిన మందపాటి జాలీ పరచాలి. పడవలలో పరుపుల కింద వేసే జాలీ ఇదే. పడవ సామాను దుకాణాలలో దొరుకుతుంది. జర్మనీకి చెందిన ఫ్రోలి కంపెనీ తయారుచేసే ప్లాస్టిక్ స్ప్రింగు పలకలు గాలినీ ఇస్తాయి, మెత్తదనాన్నీ ఇస్తాయి, అయితే ఖరీదు ఎక్కువ. పరుపు పలుచగా ఉండక తప్పనివారికి ఆ ఖర్చు న్యాయమైనదే. పన్నెండు సెంటీమీటర్ల మంచి ఫోమ్ వేయగలిగినవారికి జాలీ చాలు.

మూడవ పని: పరుపును ఎంచుకోవడం

ఫోమ్ కొనేటప్పుడు రెండు వేర్వేరు గుణాలను ఒకటిగా పొరబడకూడదు. సాంద్రత అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోల బరువు ఉంటుందన్న లెక్క. అది పరుపు ఎన్నేళ్లు మన్నుతుందో చెబుతుంది. గట్టిదనం అంటే దాన్ని నొక్కడానికి ఎంత బలం కావాలన్న లెక్క; అది ఒంటికి ఎలా ఉంటుందో చెబుతుంది. తక్కువ సాంద్రతతోనే గట్టిగా ఉండే ఫోమ్ తయారుచేయవచ్చు, దుకాణంలో దానిమీద కూర్చుంటే ఎంతో బాగుంటుంది, ఒక వేసవి గడిచేసరికి తుంటి దగ్గర గుంట పడుతుంది. పెద్దవారు రోజూ పడుకునే ఫోమ్‌కు ఘనపు మీటరుకు 30 కిలోలకు తగ్గని సాంద్రత అడగాలి. మీ ప్రయాణాలు తరచుగా ఉంటే ఇంకా పైకి వెళ్లాలి. ఈ దేశంలో పారా రబ్బర్ వంటి దుకాణాలు అడిగిన ఆకారంలో ఫోమ్ కోసి ఇస్తాయి. కోసిన ఫోమ్‌ను తిరిగి ఇవ్వడం కష్టం కనుక, కోయించే ముందు నమూనా ముక్క మీద పక్కకు తిరిగి పావుగంట పడుకుని చూడాలి. దుకాణంలో అందరి ఎదుట పడుకోవడానికి మొహమాటపడవద్దు; భుజం, తుంటి కింది చెక్కకు తగులుతున్నాయో లేదో తెలుసుకునే దారి అదొక్కటే.

మందం విషయంలో నా అభిప్రాయం ఇది. వెల్లకిలా పడుకునేవారికి పది సెంటీమీటర్లు సరిపోవచ్చు. పక్కకు తిరిగి పడుకునేవారికి పన్నెండు నుంచి పదిహేను కావాలి. పైకప్పు ఎత్తు అందుకు ఒప్పుకోకపోతే మందాన్ని తగ్గించడానికి బదులు పడక చట్రాన్నే కిందికి దించడం మంచిది, కింది సామాను పెట్టెలలో చోటు తగ్గినా సరే. సామానును వేరేచోట సర్దుకోవచ్చు. నడుము నొప్పితో లేచినవారు ఆర్థర్స్ పాస్ వంటి కొండదారిలో వ్యాను నడపడం ఎవరికీ మంచిది కాదు.

మెమరీ ఫోమ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1960లలో నాసా కోసం రూపొందిన ఈ పదార్థం ఒంటి వేడికి మెత్తబడి శరీరాకృతికి ఒదుగుతుంది. ఆ గుణమే చలిలో తిరగబడుతుంది: వ్యాను లోపల ఐదారు డిగ్రీలు ఉన్నప్పుడు అది గట్టిపడి, పడుకున్న చాలాసేపటి దాకా మెత్తబడదు. చలికాలం ప్రయాణించేవారు పరుపంతా మెమరీ ఫోమ్‌తో చేయించుకోకూడదు. మామూలు ఫోమ్ మీద మూడు నాలుగు సెంటీమీటర్ల పొరగా వేసుకుంటే బాధ ఉండదు. రబ్బరు నురుగు రకమైన లేటెక్స్ చలికి అంతగా గట్టిపడదు, బాగా మన్నుతుంది, కానీ బరువు. వ్యాను మోయగలిగిన బరువుకు ఒక హద్దు ఉంటుంది కాబట్టి, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, సామాను లెక్క కట్టిన తరువాతే లేటెక్స్ సంగతి ఆలోచించాలి. గాలి ఊదే పరుపుల మీద ఒకరు కదిలితే రెండోవారు ఎగిరిపడతారు, పైగా లోపలి గాలి చల్లబడి కిందనుంచి చలి ఎక్కుతుంది. దంపతులకు వాటిని నేను సూచించను.

ఇద్దరి బరువులలో చెప్పుకోదగిన తేడా ఉన్న జంటలకు ఒకే ముక్క పరుపు మీద ఒక ఇబ్బంది తప్పదు. బరువైనవారి వైపు పరుపు దిగుతుంది, తేలికైనవారు రాత్రంతా ఆ వాలులోకి జారుతూ, తమకు తెలియకుండానే ఒళ్లు బిగబట్టి నిద్రపోతారు. అటువంటివారు పొడవునా రెండు ముక్కలుగా ఫోమ్ కోయించుకుని, బరువైనవారి వైపు గట్టి రకం, తేలికైనవారి వైపు మెత్తటి రకం వేయించుకోవాలి. రెండింటి మందం మాత్రం మిల్లీమీటరు తేడా లేకుండా ఒకటే ఉండాలి. పైన ఇద్దరికీ కలిపి నాలుగైదు సెంటీమీటర్ల పలుచటి పొర పరిస్తే మధ్య అతుకు తెలియదు, పడక ఒకటిగానే ఉంటుంది.

సీట్ల మెత్తలనే కలిపి పడకగా మార్చే వ్యానులలోనూ ఈ పై పొర తప్పనిసరి. మెత్తల అతుకు సరిగ్గా తుంటి కిందికి వస్తే ఎంత మంచి ఫోమ్ అయినా నిద్ర పట్టదు. మెత్తలను రకరకాల వరుసలలో అమర్చి చూసి, అతుకులు మోకాళ్ల కిందికో నడుము పైభాగానికో వచ్చే వరుసను ఖాయం చేసుకుని, ప్రతి మెత్త అడుగున అంకె రాసిపెట్టుకోవాలి. మెత్తలు రాత్రి విడిపోకుండా వాటి కింద జారకుండా పట్టి ఉంచే రబ్బరు జాలీ ముక్కలు వేయాలి. పై పొరను పగలు చుట్టి కట్టేందుకు రెండు పట్టీలు, వెనుక సీటు మీద దానికంటూ ఒక చోటు ముందే చూసుకోవాలి; చోటు లేని వస్తువు వ్యానులో రోజుకు నాలుగుసార్లు అడ్డం వస్తుంది.

నాలుగవ పని: కప్పుకునేవి

ఈ దేశపు దుకాణాలలో డూవే అనే పేరుతో దొరికే రజాయి క్వీన్ పరిమాణంలో 210 సెంటీమీటర్ల పొడవు, 210 వెడల్పు ఉంటుంది. సింగిల్ 140 వెడల్పు, 210 పొడవు. దంపతులు సహజంగానే క్వీన్ రజాయి తీసుకుంటారు. ఇరుకైన వ్యానులో దానితో ఏం జరుగుతుందో గమనించండి. ఇద్దరూ పక్కపక్కన పడుకున్నప్పుడు రజాయి రెండు భుజాల మీద గుడారంలా నిలిచి, మధ్యలో మెడ దగ్గరనుంచి చలిగాలి దూరే సందు ఏర్పడుతుంది. ఒకరు పక్కకు తిరిగితే రెండోవారి వీపు బయటపడుతుంది. గోడవైపు అంచు తడిసిన లోహానికీ అద్దానికీ ఆని నీరు పీల్చుకుంటుంది. ఇద్దరిలో ఒకరికి చెమట పట్టి, ఒకరికి వణుకు పుట్టే రాత్రులలో ఆ ఒక్క రజాయితో ఎవరికీ న్యాయం జరగదు.

రెండు సింగిల్ రజాయిలు తీసుకుంటే ఇవన్నీ ఒకేసారి తీరుతాయి. రెండూ మధ్యలో ఒక జానెడు ఒకదానిమీద ఒకటి పడేలా పరుచుకుంటే సందు ఉండదు. చలి ఎక్కువ అనిపించేవారికి మందపాటిది, వేడి ఎక్కువ అనిపించేవారికి పలుచటిది కొనవచ్చు. ఉన్ని రజాయిల మీద చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల ఉన్ని ఉందో రాసి ఉంటుంది. ఒకరికి 350 గ్రాములది, రెండోవారికి 500 గ్రాములది అన్నట్టుగా ఎంచుకోవచ్చు. విడివిడిగా కప్పుకోవడం దంపతుల మధ్య దూరానికి గుర్తు అన్న భావన మన ఇళ్లలో కొందరికి ఉంది. జర్మనీలోనూ స్కాండినేవియా దేశాలలోనూ దంపతులు ఒకే మంచం మీద రెండు రజాయిలతో నిద్రించడం తరతరాలుగా ఉన్న పద్ధతి. నిద్ర చాలక ఉదయం చిరాకుపడే ఇద్దరి కంటే, చెరొక రజాయిలో కంటినిండా నిద్రపోయిన ఇద్దరే ఒకరికొకరు దగ్గరగా ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను. అయినా మనసొప్పనివారు రెండు రజాయిల మీద ఇద్దరికీ కలిపి ఒక ఉన్ని కంబళి అడ్డంగా పరుచుకోవచ్చు. మెకెంజీ చలికి అది అవసరం కూడా.

లోపల ఏం నింపి ఉండాలన్నది తరువాతి ప్రశ్న. ఈ వాతావరణానికి నా మొదటి ఓటు ఉన్నికి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు చెమ్మను పీల్చుకున్నా తడిగా అనిపించదు, వెచ్చదనాన్ని పూర్తిగా పోగొట్టుకోదు. త్వరగా నిప్పు అంటుకోదు. పైగా స్థానికంగా తయారై విరివిగా దొరుకుతుంది. దాని లోపాలు రెండు: మడిచినా చోటు ఎక్కువ తీసుకుంటుంది, ఇష్టమొచ్చినట్టు మెషీన్‌లో ఉతకడానికి వీల్లేదు. ఈకలతో నింపినవి చాలా తేలిక, చిన్న మూటలో ఇమిడిపోతాయి, పొడి చలిలో వాటిని మించినవి లేవు. చెమ్మ తగిలితే మాత్రం ఈకలు అణిగిపోయి వెచ్చదనం పోతుంది. మిల్‌ఫర్డ్ సౌండ్ ఉన్న ఫియోర్డ్‌లాండ్, దానిలాగే వానలు ఎక్కువగా కురిసే వెస్ట్ కోస్ట్ వైపు ఎక్కువ రోజులు ఉండేవారు వాటిని నమ్ముకోకూడదు. సింథటిక్ పీచు నింపినవి చవక, త్వరగా ఆరుతాయి, హాలిడే పార్కులోని (డబ్బు కట్టి వ్యానుతో రాత్రి ఆగే విడిదిలోని) మెషీన్‌లో ఉతుక్కోవచ్చు, అలర్జీ ఉన్నవారికీ ఈకలు వద్దనుకునేవారికీ అనుకూలం. అయితే చెమటను బయటికి పోనివ్వడంలో ఉన్నికి సాటి రావు.

ఊరినుంచి అమ్మ కుట్టి పంపిన బొంతను వ్యానులో వేసుకోవాలని చాలామందికి ఉంటుంది. ఎండాకాలంలో, నేల్సన్ వంటి ఎండ బాగా కాసే చోట్ల అది చక్కగా పనికివస్తుంది. నూలు చెమ్మను పీల్చి వదలదు కాబట్టి వానప్రాంతంలో మాత్రం దాన్ని రజాయికి బదులుగా వాడకూడదు. పగలు పడకమీద పరిచే గుడ్డగా ఉంచితే దుమ్ము నుంచి పక్కబట్టలనూ కాపాడుతుంది, కళ్లకూ నిండుగా ఉంటుంది.

స్లీపింగ్ బ్యాగులు ఇప్పటికే ఉన్నవారు వాటిని జిప్పుతో కలిపి జంటగా వాడుకోవచ్చు. ఒకదానికి ఎడమవైపు, రెండోదానికి కుడివైపు జిప్పు ఉండి, జిప్పు రకం, పొడవు ఒకటే అయితేనే అవి కలుస్తాయి. వాటిమీద రాసి ఉండే ఉష్ణోగ్రతలను చదవడం తెలిసి ఉండాలి. ఐఎస్‌ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగు మీద మూడు అంకెలు ఉంటాయి: సౌఖ్యం, హద్దు, అత్యంత చలి. సౌఖ్యం అన్నది సగటు స్త్రీ ఇబ్బంది లేకుండా నిద్రపోగల ఉష్ణోగ్రత. హద్దు అన్నది సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని తట్టుకోగల ఉష్ణోగ్రత. మూడోది ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించినది, నిద్రకు సంబంధించినది కాదు. దుకాణంలో పెద్ద అక్షరాలతో కనిపించేది ఒక్కోసారి హద్దు అంకె అయి ఉంటుంది కనుక, ఇద్దరూ సౌఖ్యం అంకెనే చూసి కొనాలి. కలిపిన బ్యాగులలో మెడ దగ్గర చలిగాలి దూరే సందు మిగులుతుంది. దాన్ని ఒక శాలువతో కప్పుకోవాలి.

పక్క వెచ్చబడడానికి ఇక్కడి ఇళ్లలో వాడే వేడినీళ్ల రబ్బరు సంచి వ్యానులో ఎంతో ఉపయోగపడుతుంది. మరిగే నీళ్లు కాకుండా కాస్త చల్లారిన నీళ్లు పోసి, గుడ్డ తొడుగు వేసి, పడుకోవడానికి పావుగంట ముందు కాళ్లవైపు పెట్టాలి. గ్యాస్ పొయ్యిని వెలిగించి వ్యానును వెచ్చబరచడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు; నిద్రలో ఉన్నవారికి అది తెలియదు. పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించుకోవాలి, పరుపుతోనూ దిండ్లతోనూ గాలి రంధ్రాలను మూసివేయకూడదు.

దుప్పట్లు, దిండ్లు

పరుపు మీద పరిచే దుప్పటి ఒకటే ఉండాలి, నాలుగు అంచులకూ ఎలాస్టిక్ ఉండాలి. చక్రాల గూళ్ల దగ్గర మూల కోసిన పరుపుకు బజారులో దొరికే దుప్పటి సరిగ్గా పట్టదు. సాగే అల్లిక నూలు దుప్పటి ఆ ఆకారానికి చాలావరకు సర్దుకుంటుంది. చలికాలానికి నూగు తేలిన ఫ్లానెలెట్ దుప్పటి తాకగానే చల్లగా అనిపించదు కనుక అది మేలు. పరుపును కాపాడేందుకు దాని కింద ప్లాస్టిక్ గుడ్డ వేస్తే చెమట అక్కడే నిలిచిపోతుంది. గాలి పోయే రకం తొడుగు వేయాలి. రజాయిలకు తొడుగులు, దిండ్లకు గలేబులు రెండేసి జతలు చాలు: ఒకటి వాడుకలో, ఒకటి ఉతికి ఆరినది. దిండ్ల విషయంలో చోటు ఆదా చేయాలని చూడవద్దు. ఎవరి ఇంటి దిండు వారు తెచ్చుకోవాలి. మెడకు అలవాటైన ఎత్తు మారితే ఎంత మంచి పరుపూ దాన్ని సరిచేయలేదు.

వంటావిరి నుంచి పక్కబట్టలను కాపాడడం

వ్యానులో పొయ్యికీ పడకకూ మధ్య దూరం రెండు అడుగులే. ఒక కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. కుక్కర్ ఆవిరి, అన్నం వార్చిన ఆవిరి దానికి అదనం. ఆ ఆవిరి వెళ్లి చేరేది చల్లటి గోడలమీదకూ, రజాయిలలోకే. మన వంటలో తాళింపు ఉంటుంది, ఇంగువ, వెల్లుల్లి, ఎండుమిరప ఘాటు ఉన్నిలోకి ఎక్కితే వారం రోజులైనా పోదు. వాతావరణం అనుకూలిస్తే తాళింపును వ్యాను బయట చిన్న పొయ్యి మీద వేసుకోవడం అన్నింటికంటే మంచిది. లోపలే చేయక తప్పని రోజున, వంట మొదలుపెట్టక ముందే రజాయిలనూ దిండ్లనూ జిప్పు ఉన్న సంచిలో పెట్టి మూసేసి, పైకప్పు ఫ్యాను వేసి, ఎదురెదురు కిటికీలను రెండు వేళ్ల సందు తెరవాలి. వెస్ట్ కోస్ట్‌లో శాండ్‌ఫ్లైలు అనే చిన్న నల్ల ఈగలు పగలంతా కుడతాయి కాబట్టి తెరిచే ప్రతి కిటికీకీ సన్నటి జాలీ ఉండాలి.

రాత్రి కూడా ఆ రెండు వేళ్ల సందును మూయకూడదు. చలి వస్తుందని అన్నీ బిగించుకుని పడుకుంటే, ఉదయానికి రజాయిల పైభాగం చేతికి చెమ్మగా తగులుతుంది, రెండో రాత్రి అదే చెమ్మ చలిగా మారుతుంది. నిద్ర లేవగానే పక్కను వెంటనే మడవవద్దు. రజాయిలను కాళ్లవైపుకు తిప్పివేసి, టీ కాచుకుని తాగేంతసేపు పరుపును ఆరనిచ్చి, ఎండ ఉంటే వాటిని తెరిచిన వెనుక తలుపు మీద వేయాలి. రెండు మూడు రోజులకు ఒకసారి పరుపును గోడకు నిలబెట్టి అడుగును తడిమి చూడాలి. వరుసగా వానలు పడే రోజులలో హాలిడే పార్కులో ఒక రాత్రి ఆగి, అక్కడి డ్రయ్యర్‌లో సింగిల్ రజాయిలను ఒక్కొక్కటిగా ఆరబెట్టుకోవచ్చు. ఉన్నివి అయితే వేడి లేకుండా గాలి మాత్రమే తగిలేలా తిప్పాలి. క్వీన్ రజాయి ఆ డ్రయ్యర్లలో సరిగా తిరగదు, మధ్యభాగం తడిగానే ఉండిపోతుంది.

బయలుదేరే ముందు ఒక రాత్రి

కొన్నవన్నీ సర్దిన తరువాత, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు, ఇంటి ముందు ఆపిన వ్యానులోనే ఇద్దరూ ఒక పూర్తి రాత్రి పడుకోవాలి. వ్యాను సమంగా నిలిచిందో లేదో ముందు చూసుకోవాలి. కొద్దిగా వాలు ఉంటే తలలు ఎత్తువైపుకు ఉండాలి, పక్కవాలు ఉంటే చక్రాల కింద మెట్టు దిమ్మలు పెట్టి సరిచేయాలి. ఉదయం లేచాక ఒకరి మాట ఒకరు వినకముందే, ఎవరికి వారు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోవాలి: ఎక్కడ చలి వేసింది, ఎక్కడ నొప్పి పుట్టింది, ఎప్పుడు మెలకువ వచ్చింది, రెండోవారి కదలిక ఎంత తెలిసింది. పక్కన ఉన్నవారు నొచ్చుకుంటారని దాచిన ఇబ్బంది ప్రయాణంలో రోజూ ఎదురవుతుంది కనుక నిజమే రాయాలి.

చలి కిందనుంచి వచ్చిందని రాస్తే రజాయి మార్చడం వల్ల ప్రయోజనం లేదు. పరుపుకూ దుప్పటికీ మధ్య ఒక ఉన్ని పొర వేయాలి. భుజం నొప్పి అయితే పై పొర మందం పెంచాలి. నడుము నొప్పి అయితే మెత్తదనం తగ్గించాలి. మెడ దగ్గర చలి అయితే మధ్యలో రజాయిలు ఒకదానిమీద ఒకటి పడే వెడల్పు పెంచి చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ ఒక రాత్రి పడుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, అక్కరలేని ఖర్చు ఒకటి మీద పడుతుంది.